దేవుడు చూడకపోతే నువ్వు దొంగతనం చేస్తావా అని నా కూతురు అడిగింది, నాకు జవాబు రాలేదు

వేకువపిట్ట (ప్రశ్న)

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మా పాపకి ఎనిమిదేళ్ళు. క్లాసులో పక్కనమ్మాయి రబ్బరు బాగుందని ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చేసుకుంది. మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడ అది చూసి "దేవుడు అన్నీ చూస్తూనే ఉంటాడే, పక్కవాళ్ళది తీసుకుంటే కళ్ళు పోతాయి" అంది. పిల్ల మర్నాడే తీసుకెళ్ళి ఇచ్చేసింది. ఇచ్చాక కూడా రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మధ్యలో లేచి లైటు వెయ్యమనడం, కళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడం. మూడో రాత్రి పక్కన పడుకోబెట్టుకుని అలా ఏమీ జరగదులే అని చెబుతుంటే నా మొహంలోకి చూసి అడిగింది, "అమ్మా, నువ్వు దేవుడు లేడంటావు కదా, మరి నిన్ను ఎవరూ చూడట్లేదు కదా, నువ్వెందుకు దొంగతనం చెయ్యవు?"

నేను "అది తప్పు కాబట్టి" అన్నాను. "ఎందుకు తప్పు?" అంది. ఇంక ఏం చెప్పాలో తెలియలేదు, పొద్దున్న చెబుతాను పడుకో అన్నాను. ఆ పొద్దున్న ఇంకా రాలేదు.

నేను నమ్మకం వదిలేసి పదిహేనేళ్ళు దాటింది. ఎవరి మీదా కోపంతో కాదు, నెమ్మదిగా జారిపోయింది. ఇన్నేళ్ళలో నేనేమీ చెడ్డదాన్ని అయిపోలేదు, అంతవరకూ తెలుసు. కానీ ఆ రాత్రి నుంచి ఒక టెన్షన్ పట్టుకుంది. నాలో ఉన్న కాస్త మంచీ మా అమ్మ పెంపకంలో వచ్చింది, అమ్మకి ఆవిడ భక్తిలోంచి వచ్చింది. అంటే నేను అమ్మ దాచిపెట్టిన దాంట్లోంచి తీసి ఖర్చుపెట్టుకుంటున్నానా? నా కూతురి దగ్గరికి వచ్చేసరికి అది అయిపోతుందా? మా అమ్మ సరిగ్గా ఇదే అంటుంది, "భయం లేని పిల్లకి భక్తీ ఉండదు, బుద్ధీ ఉండదు" అని. నీతి మతంలోంచే వస్తుందా, లేక దానంతట అది నిలబడగలదా? నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఇద్దరూ చెప్పండి. దయచేసి తిట్టుకోవద్దు.

పాతపలక

మీ పాప అడిగింది చిన్న ప్రశ్న కాదండీ. దాదాపు 2,400 ఏళ్ళ నుంచి మనుషులు దీంతోనే కుస్తీ పడుతున్నారు.

గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ఒక సంభాషణలో యూతిఫ్రో అనే ఆయన కోర్టు దగ్గర సోక్రటీస్‌కి ఎదురవుతాడు. సొంత తండ్రి మీద హత్య కేసు పెట్టడానికి వచ్చాడు. వాళ్ళ దగ్గర పనిచేసే కూలీ ఒకడు తాగిన కోపంలో ఒక బానిసని చంపితే, తండ్రి ఆ కూలీని కట్టేసి గోతిలో పడేసి, ఏం చెయ్యాలో పెద్దల్ని అడిగి రమ్మని మనిషిని పంపాడు, ఆ మనిషి తిరిగొచ్చేలోపు కూలీ ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. తండ్రి మీద కేసు పెట్టడం పుణ్యమే, దేవుళ్ళకి ఇష్టమైన పనే అని యూతిఫ్రో చాలా ధీమాగా అంటాడు. అప్పుడు సోక్రటీస్ అడుగుతాడు, అది మంచిది కాబట్టి దేవుళ్ళు ఇష్టపడుతున్నారా, దేవుళ్ళు ఇష్టపడ్డారు కాబట్టి మంచిదైందా?

ఎటు చెప్పినా ఇరుకే. మంచిది కాబట్టే ఇష్టపడ్డారంటే మంచి అనేది దేవుడి కంటే ముందే ఉంది, అది మనకీ అందుతుంది. ఇష్టపడ్డారు కాబట్టే మంచిదైందంటే రేపు దొంగతనం చెయ్యమన్నా అదీ మంచే అయిపోవాలి. ఈ రెండోది మీ అమ్మగారు కూడా ఒప్పుకోరు, అడిగి చూడండి. "మా దేవుడు అలా ఎందుకంటాడు?" అంటారు. ఆ మాట అన్నారంటే తప్పేదో ఒప్పేదో తూచే తక్కెడ ఆవిడ చేతిలో ముందే ఉందన్నమాట.

పిల్లల దగ్గర కూడా ఇది కనిపిస్తుంది. లారీ నూచీ, ఎలియట్ ట్యూరియల్ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు, బాగా మతనిష్ఠ ఉన్న క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లలతో చేసింది. ఫలానా రోజున పని చెయ్యకూడదన్న నియమాన్ని దేవుడు పెట్టకపోయి ఉంటే చెయ్యొచ్చా అని అడిగితే చెయ్యొచ్చు అన్నారు. మరి దేవుడే దొంగతనం చెయ్యమని చెప్పి ఉంటే అది సరైనదేనా అంటే, ఎక్కువమంది కాదన్నారు. అంత గట్టి నమ్మకం ఉన్న ఇళ్ళలో పెరిగిన పిల్లలే, ఆచారం వేరు, అవతలివాడికి చేసే కీడు వేరు అని విడదీసి చూశారు.

మీ పాపని ఒకసారి తిరగేసి అడగండి. "దేవుడే వచ్చి, తీసుకో తల్లీ పర్లేదు అంటే, ఆ అమ్మాయి రబ్బరు తీసుకుంటావా?" అని. ఏం చెబుతుందో ఇక్కడ రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

మలిసంధ్య

నేను నమ్మే మనిషిని. పైన రాసినాయన బాగానే రాశారు కానీ నమ్మేవాళ్ళు చాలామంది ఆ రెండు దారుల్లో ఏదీ పట్టుకోరండీ. మంచి దేవుడికి పైన ఉన్న చట్టమూ కాదు, ఆయన నోటికొచ్చిన ఆజ్ఞా కాదు, దేవుడి స్వభావమే మంచి అంటాం. ఆ స్వభావంలో లేనిదాన్ని ఆయన ఆజ్ఞాపించడు. ఇది కూడా పాత జవాబే. దీంతో అందరికీ తృప్తి కలగకపోవచ్చు, కానీ మాకు జవాబే లేదన్నట్టు మాట్లాడటం సరికాదు.

అది పక్కనపెడితే, వేకువపిట్ట గారూ, మీ అమ్మగారు ఆ రోజు చెప్పింది బెదిరింపు. మతం పేరుతో బెదిరింపు చాలా ఇళ్ళలో జరుగుతుంది, నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ జరిగింది. దాన్ని చూసి మతం అంటే ఇదే అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం. నాకు మతం ఇచ్చింది భయం కాదు. ఏమిచ్చిందో చెబుతాను.

పదేళ్ళ క్రితం నేను ఒకచోట లెక్కలు చూసేదాన్ని. నా తప్పు వల్ల ఒక మొత్తం తేడా వచ్చింది, దాన్ని కనపడకుండా సర్దేశాను. ఎవరికీ తెలియదు, తెలిసే దారి కూడా లేదు. తేడా వచ్చిన భారం మాత్రం నాకంటే చిన్న ఉద్యోగంలో ఉన్న ఒకతని మీద పడింది, అతనికి మాట పడింది. నాలుగు నెలలు మామూలుగానే తిరిగాను. తప్పు అని నాకు తెలుసు, పాతపలక గారు చెప్పిన తక్కెడ నా దగ్గరా ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ అది తప్పు అని చెప్పి ఊరుకుంటుంది, లేచి నిలబెట్టదు. నేను రోజూ ప్రార్థనలో కూర్చునేదాన్ని. కూర్చున్న ప్రతిసారీ ఆ మనిషి మొహమే వచ్చేది. ఒక రోజు లేచి వెళ్ళి చెప్పేశాను. శిక్ష పడుతుందన్న భయంతో కాదు చెప్పింది. చెప్పాక కూడా నాకు తిరిగొచ్చే దారి ఒకటి ఉంటుందని నమ్మాను కాబట్టి చెప్పగలిగాను. క్షమ అనేది ఉందని నమ్మని మనిషి అంత పెద్ద తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ నాలుగు నెలలూ నేను అలాగే బతికాను కాబట్టి.

ఏది మంచో తెలియడానికి మతం అక్కర్లేదేమో, ఆ మాట ఒప్పుకుంటాను. తెలిసినదాన్ని చెయ్యడానికి రోజూ కూర్చోబెట్టేది ఒకటి కావాలి. అది మీ ఇంట్లో ఏమిటి? మీకు జవాబు ఉంటుందనే నమ్ముతున్నాను, నిజంగానే అడుగుతున్నాను.

గాలివాటు

మలిసంధ్య గారు రాసింది చదివి కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను. ఆమె నిజాయితీకి నమస్కారం. కానీ ఒకరి అనుభవాన్ని అందరికీ అంటగట్టలేం, అందుకని కొన్ని విషయాలు.

1973లో ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ ఒక ప్రయోగం ప్రచురించారు. మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మంది విద్యార్థులు. వాళ్ళని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్ళి ప్రసంగించమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో పడి ఉన్న పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథ, బైబిల్లోది. మధ్య దారిలో ఒక మనిషిని కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉండేలా పెట్టారు. ఆగారా లేదా? తొందర లేనివాళ్ళలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయింది పరిగెత్తండి అని చెప్పినవాళ్ళలో 10 శాతమే ఆగారు. ఆ కథ గురించే మాట్లాడబోతున్నారా, వేరే విషయమా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు. నమ్మకం లేనివాళ్ళు ఆగి ఉండేవాళ్ళని నేను అనడం లేదు, వాళ్ళూ అంతే చేసి ఉండొచ్చు. మనల్ని ఆపేవీ నడిపేవీ మనం అనుకునేవాటి కంటే చాలా మామూలు విషయాలు అంటున్నాను.

రెండోది, పసిపిల్లలు. 2006లో వార్నెకన్, టొమసెల్లో అని ఇద్దరు 18 నెలల పిల్లల ముందు చేతిలోది కిందపడేసుకుని అందనట్టు నటిస్తే, ఆ పిల్లలు లేచి వెళ్ళి తీసి ఇచ్చారు. మెచ్చుకోలు లేదు, బహుమతి లేదు. ఆ వయసుకి దేవుడు అన్న మాట అర్థమే తెలియదు కదా. మీ అమ్మగారు దాచిపెట్టిన దాంట్లోంచి ఖర్చు చేస్తున్నానేమో అన్నారు, అసలు మూలధనం అమ్మగారి కంటే చాలా వెనకటిది.

అమ్మగారి మాటకి ఒకటి చెప్పాలి, చూస్తున్నారు అన్న భావన పనిచేస్తుంది. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ విభాగంలో టీ, కాఫీలకి ఎవరికి వాళ్ళు డబ్బులు వేసే డబ్బా దగ్గర పువ్వుల బొమ్మ పెట్టిన వారాల కంటే కళ్ళ బొమ్మ పెట్టిన వారాల్లో దాదాపు మూడు రెట్లు డబ్బు పడింది, ఇదీ 2006దే. కానీ అది బొమ్మ తీసేసేదాకానే. అలాంటి నీతి మీ పాపకి వద్దు.

ఇంకొకటి, నాకు కోపం తెప్పించేది. జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1689లో మత సహనం గురించి అంత గొప్పగా రాసి, చివరికి నాస్తికుల్ని మాత్రం సహించకూడదు అన్నాడు, దేవుణ్ణి నమ్మనివాడి ప్రమాణానికీ ఒప్పందానికీ విలువ ఉండదట. చార్లెస్ బ్రాడ్లా అని నాస్తికుడు 1880లో బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైతే, దేవుడి మీద ప్రమాణం చెయ్యాలన్న గొడవతో 1886 దాకా సీటులో స్థిరంగా కూర్చోనివ్వలేదు, మధ్యలో మళ్ళీ మళ్ళీ గెలిచినా సరే. ప్రజలు నమ్మి పంపిన మనిషిని మాట మీద నిలబడడు అని ముందే తేల్చేశారు. ఈ అనుమానం ఇప్పటికీ పోలేదు. 2019లో ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ 34 దేశాల్లో అడిగితే, మంచి మనిషిగా ఉండాలంటే దేవుడి మీద నమ్మకం అవసరం అన్నవాళ్ళు ఆ దేశాల మధ్యస్థ లెక్కలో 45 శాతం. స్వీడన్‌లో 9 శాతమే.

పాతపలక

గాలివాటు గారూ, కళ్ళ బొమ్మ సంగతి అంత గట్టిగా చెప్పకండి. తర్వాత అలాంటి ప్రయోగాలన్నీ కలిపి 2017లో చూస్తే, కళ్ళ బొమ్మల వల్ల జనం ఉదారంగా మారతారన్నదానికి ఆధారం దొరకలేదు. మిగతావాటితో నాకు పేచీ లేదు.

అరుగుమీద

అందరూ దేవుడు, మతం అని రెండింటినీ ఒకటే చేసి మాట్లాడుతున్నారు. నేను మాటల దగ్గర నుంచి వస్తాను.

మతం అంటే అసలు అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నవాటిలో ఉన్నది ఆ మతమే. నీతిలో ఉన్నది నడిపించడం అన్న ధాతువు, నేతలో ఉన్నదే. ధర్మం నిలబెట్టేది. మూడూ మూడు వేర్వేరు పనులు, ఇంగ్లీషు చదువుల తర్వాత మనం మతాన్నీ ధర్మాన్నీ ఒకే డబ్బాలో వేసేశాం. "ధర్మంగా మాట్లాడు" అని ఎవరితోనైనా అంటే నీ మతం ప్రకారం మాట్లాడు అని కాదు కదా అర్థం.

పైగా దేవుడు లేని మతాలు ఉన్నాయి. బుద్ధుడు సృష్టికర్త మీద ఆధారపడకుండానే చంపకు, దొంగిలించకు, అబద్ధమాడకు లాంటి పంచశీలాలు చెప్పాడు. మన పాత దర్శనాల్లో పూర్వమీమాంసకులు అనే వర్గంవాళ్ళు ఇంకా విచిత్రం, వేదాన్ని అక్షరం పొల్లు పోకుండా నమ్మి, దాన్ని రాసిన దేవుడు మాత్రం అక్కర్లేదన్నారు. అంటే ఆజ్ఞ ఉంది, ఆజ్ఞాపించినవాడు లేడు. వాళ్ళని నాస్తికులనాలా ఆస్తికులనాలా? కాబట్టి "దేవుడు లేకపోతే నీతి లేదు" అన్నది మతాలన్నీ కలిసి ఒప్పుకున్న మాట కానే కాదు.

ఇక భారతంలో కర్ణపర్వంలో కౌశికుడి కథ ఉంది. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలకి భయపడి కొందరు అతని ఆశ్రమం పక్క అడవిలోకి పారిపోయారు. దొంగలు వచ్చి ఎటు వెళ్ళారని అడిగితే వ్రతం కదా, చూపించేశాడు. వాళ్ళని పట్టుకుని చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు. ఈ కథ కృష్ణుడు అర్జునుడికి ఎప్పుడు చెప్పాడో తెలుసా, గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని తాను పట్టిన వ్రతం కోసం అర్జునుడు అన్నగారి మీదకే కత్తి తీసినప్పుడు. సరిగ్గా ఇదే చిక్కు గురించి జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో ఒక వ్యాసం రాశాడు, హంతకుడు వచ్చి నీ స్నేహితుడు ఇంట్లో ఉన్నాడా అంటే అబద్ధం చెప్పొచ్చా అని. ఆయన చెప్పకూడదు అన్నాడు. చూడండి ఎలా తారుమారైందో. బుద్ధి మీదే నీతిని కట్టిన కాంట్ నియమాన్ని వదల్లేదు, దేవుడిగా కొలవబడే కృష్ణుడేమో నియమం కంటే మనుషుల ప్రాణం చూడమన్నాడు. మతం అంటే గుడ్డి ఆజ్ఞ, మతం లేకపోతే స్వేచ్ఛగా ఆలోచించడం అని గీత గీసేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఎవరైనా కష్టంలో ఉంటే మనం "అయ్యో పాపం" అంటాం. చేసిన తప్పుకీ, అవతలివాడి బాధ చూసి కలిగే జాలికీ మనకి ఒకటే మాట. ఇది ఎలా కలిసిందో చెప్పేంత భాషాశాస్త్రం నాకు రాదు. కానీ పాపం అంటే ఏమిటని మీ అమ్మాయి అడిగితే నేనైతే ఆ రెండో అర్థం దగ్గర నుంచే మొదలుపెడతాను. "ఎవరైనా చూసి అయ్యో పాపం అనేలా ఇంకొకరిని చెయ్యడం పాపం" అని.

మలిసంధ్య

అరుగుమీద గారూ, ఈ చివరి మాట దాచుకుంటాను. ఒక్క అభ్యంతరం. జాలి మన కళ్ళముందున్న వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. మనవాళ్ళ కోసం పరాయివాళ్ళని ముంచినవాళ్ళకి కూడా మనవాళ్ళ మీద బోలెడు జాలి ఉండేది. పరాయివాడు కూడా నీ తోడబుట్టినవాడే అని గట్టిగా, పదేపదే చెప్పింది ఎవరు? 1688లో అమెరికాలో జర్మన్‌టౌన్ అనే చోట బానిసత్వం తప్పు అని రాసి సంతకాలు పెట్టిన నలుగురూ క్వేకర్లు అనే క్రైస్తవ సమాజం వాళ్ళు, నిన్ను ఎలా చూడాలనుకుంటావో ఎదుటివారినీ అలాగే చూడు అన్న సూత్రం మీదే రాశారు.

గాలివాటు

నిజమే. బానిసల్ని పెట్టుకోవచ్చని వాదించినవాళ్ళూ అదే బైబిల్ తెరిచి చూపించారు. ఒకే పుస్తకంలోంచి ఇటు నలుగురు, అటు నాలుగు వేలమంది. ఆ నలుగురికీ ఏ వాక్యాన్ని పట్టుకోవాలో తెలిసింది ఎలాగ? నాకు అక్కడే చిక్కు.

మలిసంధ్య

నాకూ అక్కడే. కానీ పట్టుకోవడానికి ఆ వాక్యం అక్కడ ఉండాలి కదండీ.

వేకువపిట్ట

అందరివీ రెండేసి సార్లు చదివాను. ఇంత మర్యాదగా రాసినందుకు కృతజ్ఞతలు.

పాతపలక గారు అడగమన్నట్టు నిన్న రాత్రి అడిగాను. దేవుడే వచ్చి తీసుకో అంటే తీసుకుంటావా అని. చాలాసేపు ఆలోచించి, "వద్దు, ఆ అమ్మాయి వెతుక్కుంటుంది కదా" అంది. నేను ఇంకేమీ చెప్పలేదు, ఎందుకు తప్పు అన్న తన ప్రశ్నకి తనే జవాబు చెప్పింది. తర్వాత నేను దొంగతనం ఎందుకు చెయ్యనో చెప్పాను, "నాకూ అంతే, వెతుక్కునేవాళ్ళు కనిపిస్తారు" అని. ఆ తర్వాత కళ్ళ గురించి అడగలేదు, నిద్రపోయింది.

మలిసంధ్య గారూ, మా ఇంట్లో కూర్చోబెట్టేది ఏమిటి అన్నారు. నిజం చెప్పాలంటే ఏమీ లేదు. నా వరకూ ఎలాగో గడిచిపోయింది కానీ పాపకి ఏదో ఒకటి ఉండాలని మీ అనుభవం చదివాకే అనిపించింది. రాత్రి పడుకునేముందు ఇవాళ ఎవరినైనా బాధపెట్టామా అని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోవాలనుకున్నాను. మొదటిరోజు నేనే చెప్పాల్సి వచ్చింది, పొద్దున్న అమ్మ మీద అరిచిన సంగతి. పక్క గదిలోంచి అమ్మ విన్నదని నాకు తెలియదు. ఇవాళ పొద్దున్న వచ్చి కూర్చుని, "దాని కళ్ళు పోతాయని నేను అనకుండా ఉండాల్సింది, మా అమ్మ నాతో అన్నదే నోటికొచ్చేసింది, నేనూ చిన్నప్పుడు చీకట్లో చూసుకునేదాన్ని" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అమ్మ నాతో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అయితే మా అమ్మాయి ఇవాళ బడికి బయల్దేరుతూ ఇంకొకటి అడిగింది. "అమ్మా, మనకి అసలు తెలియనివాళ్ళదైతే? వాళ్ళు వెతుక్కోవడం మనకి ఎప్పటికీ కనపడకపోతే?" మలిసంధ్య గారు అడిగిందే, చిన్న మాటల్లో. నా దగ్గర ఒక సగం జవాబు ఉంది, అమ్మ దగ్గర ఇంకో రకం జవాబు ఉంది. ఇవాళ రాత్రి అమ్మనే ముందు చెప్పమన్నాను, నేనూ పక్కనే కూర్చుని వింటాను.